చిట్టి పిట్టకు కొవ్వు గడ్డ!

లవ్‌బర్డ్స్‌ అంటూ ముచ్చటపడి తెచ్చుకుంటాం. గిన్నె నిండా గింజలు పోస్తాం. ఓ మూడేళ్లు తిరిగేసరికి గుప్పెట్లో పట్టే ఆ పిట్ట రొమ్ము మీద గోళీకాయంత గడ్డ! కోయించాలా? మందు వేయాలా? తిండి తగ్గిస్తే సరిపోతుందా? పిట్టను పస్తు పెట్టకుండా బరువు తగ్గించడం ఎలాగో చూద్దాం.

పంజరం శుభ్రం చేస్తున్నప్పుడో, పిట్ట ఒళ్లు విరుచుకుని ఈకలు విదిలించినప్పుడో కనిపిస్తుంది. రొమ్ము కింది భాగంలో ఈకల చాటున లేతపసుపు రంగులో ఉబ్బెత్తుగా. వేలితో తాకితే మెత్తగా అటూఇటూ జరుగుతుంది. పిట్టకు నొప్పి ఉన్నట్టు అనిపించదు. తింటుంది, కూస్తుంది, అద్దంలో తన బొమ్మతో కబుర్లు చెబుతుంది. ఇంకేముంది, ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. ‘శుభ్రంగా తింటోందిగా, ఏం కాదులే’ అనే పెద్దలు ఒకవైపు. ‘క్యాన్సరేమో నాన్నా’ అంటూ కళ్లనీళ్లు పెట్టుకునే పిల్లలు మరోవైపు.

ఇలాంటి మెత్తటి గడ్డల్లో ఎక్కువగా కనిపించేది లైపోమా. అంటే చర్మం కింద కొవ్వు కణాలు ఒకచోట గుంపుగా పెరిగి ఏర్పడే గడ్డ. క్యాన్సర్‌లా ఒంట్లోని ఇతర భాగాలకు పాకదు. పెంపుడు పక్షుల్లో ఈ గడ్డ మరీ ఎక్కువగా వచ్చేది బడ్జీలకే. క్యాన్సర్‌ కాదు కదా అని వదిలేయడానికీ లేదు. ముప్పై నలభై గ్రాముల ఒంటికి నాలుగు గ్రాముల గడ్డ వేలాడుతుంటే అది పదోవంతు బరువు. పిట్ట ఎగరలేదు. ఎగరక ఇంకా లావెక్కుతుంది. గడ్డ పెరిగి కూర్చునే కర్రకు రాసుకుని పుండు పడుతుంది. పిట్ట దాన్ని ముక్కుతో పొడుచుకుంటుంది. అంతదాకా వచ్చాక కాపాడటం కష్టం. అక్కడిదాకా రాకుండా చూసుకునే అవకాశం చాలామటుకు ఇంట్లోవాళ్ల చేతుల్లోనే ఉంది.

పేరు లవ్‌బర్డ్‌... పుట్టిల్లు ఆస్ట్రేలియా

మన ఊళ్లలో లవ్‌బర్డ్స్‌ పేరుతో అమ్మే ఆకుపచ్చ, నీలం, పసుపు పిట్టల్లో ఎక్కువభాగం నిజానికి బడ్జెరిగార్లు. ముద్దుగా బడ్జీలు. అసలు లవ్‌బర్డ్స్‌ ఆఫ్రికా జాతివి, వేరే. బడ్జీల సొంతూరు ఆస్ట్రేలియా నడిమధ్య ఉండే పొడినేలలు. పక్షి శాస్త్రవేత్త జాన్‌ గౌల్డ్‌ 1840లో వీటిని ప్రాణాలతో ఇంగ్లండ్‌ తీసుకెళ్లాక ప్రపంచమంతా పంజరాల్లోకి చేరాయి. (రామచిలుకను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బడ్జీ విదేశీ పక్షి కాబట్టి దానికి ఆ నిషేధం లేదు. చాలామంది ఇళ్లలో చిలుకకు బదులు బడ్జీ ఉండటానికి ఇదీ ఒక కారణం.)

సొంతూళ్లో బడ్జీలది సంచారజీవితం. వాన ఎక్కడ పడితే అక్కడికి గుంపులుగా వలసపోతాయి. ఆ వానకు మొలిచిన గడ్డి కంకులే వాటి తిండి. నీళ్ల కోసం, గింజ కోసం మైళ్లకు మైళ్లు ఎగురుతాయి. ఒకచోట గడ్డి ఎండిపోతే మళ్లీ ప్రయాణం. తిన్నది తిన్నట్టే రెక్కల్లో ఖర్చయిపోతుంది. అక్కడి పిట్ట బరువు 30 గ్రాములు అటూఇటూ.

అదే పిట్ట మన వరండాలో ఎలా బతుకుతోంది? అడుగున్నర పంజరం. గిన్నె పక్కనే కర్ర, కర్ర పక్కనే నీళ్లు. మెడ కాస్త వంచితే చాలు భోజనం. పొద్దుటి నుంచి రాత్రి దాకా గిన్నె ఖాళీ కాదు. వానలు, కరవులు చూసిన ఒళ్లు దానిది. దొరికినప్పుడు తిని దాచుకోవడం దాని స్వభావం. ఇక్కడేమో ఎప్పుడూ దొరుకుతూనే ఉంటుంది!

తప్పు కొర్రలది కాదు

విచిత్రం ఏమిటంటే, షుగర్‌ ఉన్న తాతయ్యకు అమృతాహారమంటూ వండిపెట్టే కొర్రలే పిట్ట గిన్నెలోనూ ఉంటాయి. తాతయ్య బరువు తగ్గుతుంటే పిట్ట ఎందుకు లావెక్కుతోంది? కొర్రలు, వరిగల్లాంటి చిరుధాన్యాల్లో కొవ్వు తక్కువే. వంద గ్రాముల కొర్రల్లో ఉండేది 4 గ్రాములు అటూఇటూ. అసలు గొడవ ‘మిక్స్‌’ పేరుతో అమ్మే పొట్లంలో ఉంటుంది. అందులో కలిపే పొద్దుతిరుగుడు పప్పులో సగం బరువు నూనే. అరకులోయలో పచ్చగా పూసి ఫొటోలకు పిలిచే వలిసెలు గుర్తున్నాయా? పిట్టల మిక్స్‌లో నల్లగా సన్నగా కనిపించేవి ఆ గింజలే. వాటిలోనూ మూడోవంతుకు పైగా నూనే ఉంటుంది. గిన్నె నిండా పోస్తే పిట్ట ముందు ఏరుకునేది ఆ నూనెగింజల్నే. జీడిపప్పు ఏరుకుని ఉప్మా వదిలేసే పిల్లల్లాగా అన్నమాట.

ఒట్టి కొర్రలే పెడితే సమస్య తీరిపోతుందా అంటే అదీ లేదు. ఎండుగింజల్లో విటమిన్‌ ఎ, కాల్షియం, అయోడిన్‌ చాలినంత ఉండవు. అయోడిన్‌ తగ్గితే థైరాయిడ్‌ గ్రంథి మందగించే ప్రమాదం బడ్జీలకు ఎక్కువ. కొవ్వు గడ్డలకు దానికీ సంబంధం ఉండొచ్చన్నది పశువైద్యుల అనుమానం. దీనికితోడు కొన్ని బడ్జీలకు వంశపారంపర్యంగానే గడ్డలు వచ్చే లక్షణం ఉంటుంది. కాబట్టి గడ్డ వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఎవరో తప్పు చేశారని అనుకోనక్కర్లేదు.

గింజల లెక్క అలా ఉంటే, ‘చేతితిండి’ లెక్క ఇంకోరకం. పొద్దున్నే తాతయ్య టీలో ముంచిన బిస్కెట్‌ చిన్నముక్క. బడి నుంచి వచ్చిన పాప ఒక చిప్స్‌ తునక. రాత్రి అమ్మ చపాతీ చివర. ‘ఇంతేగా పెట్టింది’ అంటారు అందరూ. 35 గ్రాముల పిట్టకు ఒక్క గ్రాము బిస్కెట్‌ పెడితే, బరువు లెక్కన అది 60 కిలోల మనిషికి కిలో 700 గ్రాముల బిస్కెట్లు పెట్టినట్టు! ఉప్పు, పంచదార, నూనె అదనం. బొద్దుగా ఉంటే ఆరోగ్యం అనుకోవడం మనకు పిల్లల విషయంలోనే కాదు, పిట్టల విషయంలోనూ అలవాటే.

అన్నీ కొవ్వు గడ్డలు కావు

డైటింగ్‌ మొదలుపెట్టే ముందు ఒక్క పని తప్పనిసరి. అది నిజంగా లైపోమానేనా అన్నది డాక్టరు తేల్చాలి. ఎందుకంటే పైకి ఒకేలా కనిపించేవి చాలా ఉన్నాయి.

ఆడపిట్టకు పొట్ట కింద ఉబ్బు వస్తే అది గుడ్డు అడ్డుపడటం కావచ్చు. అది గంటల్లో ప్రాణం తీయగలదు. పొట్ట గోడ బలహీనపడి పేగులు కిందికి జారే హెర్నియా కావచ్చు. చర్మమే పసుపుగా, గరుకుగా దళసరెక్కితే అది జాంథోమా అనే వేరే సమస్య. మగపిట్ట ముక్కు పైభాగంలోని మెత్తటి చర్మం నీలం నుంచి గోధుమ రంగుకు మారుతూ పొట్ట ఉబ్బుతుంటే లోపల వృషణంలో కణితి ఉందేమో అనుమానించాలి. గట్టిగా, కదలకుండా, వారాల్లోనే పెరిగిపోయే గడ్డ అయితే క్యాన్సర్‌ కాదని ముందు రూఢి చేసుకోవాలి. సన్నటి సూదితో గడ్డలోంచి కాస్త పదార్థం తీసి మైక్రోస్కోప్‌ కింద చూస్తే చాలావరకు సంగతి తెలుస్తుంది.

పక్షుల్ని చూసే డాక్టర్లు ప్రతి ఊళ్లోనూ దొరకరు, నిజమే. కుక్కల క్లినిక్‌కు తీసుకెళ్తే ‘మేం పిట్టల్ని చూడం’ అనడమూ మామూలే. రాజేంద్రనగర్‌, తిరుపతి, గన్నవరంలలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడ వాకబు చేయొచ్చు. బయల్దేరే ముందు ఫోన్‌ చేసి పక్షుల్ని చూస్తారో లేదో కనుక్కోవడం మంచిది. వెళ్లేటప్పుడు పంజరం అడుగున తెల్లకాగితం వేసి తీసుకెళ్తే రెట్ట ఎలా ఉందో డాక్టరుకు తెలుస్తుంది. రోజూ తినే గింజల పొట్లం, గడ్డ మొదట్లో తీసిన ఫొటో ఉంటే ఇంకా మేలు.

ఇంట్లో బ్లేడుతో కోసేయడం, దారం బిగించి కట్టడం, పసరు పట్టించడం... ఈ మూడూ వద్దేవద్దు. పిట్ట ఒంట్లో రక్తం దాని బరువులో పదోవంతు ఉంటుంది. 35 గ్రాముల బడ్జీకి మూడున్నర మిల్లీలీటర్లు. అంటే టీస్పూన్‌ కూడా నిండదు. ఆరోగ్యంగా ఉన్న పిట్ట నుంచి పరీక్షలకు తీసే రక్తమే ఆరేడు చుక్కలు దాటకుండా చూస్తారు. అలాంటిది బ్లేడుగాటు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ముందు కాటా కొనండి

డాక్టరు కొవ్వు గడ్డే అన్నారు, తిండి మార్చమన్నారు. ఇక్కడి నుంచి అసలు పని. దీనికి అన్నిటికంటే ముందు కావాల్సింది మందు కాదు, కాటా. గ్రాము, వీలైతే గ్రాములో పదోవంతు చూపే చిన్న డిజిటల్‌ కాటా. వంటింటి సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. దాని మీద చిన్న కర్ర అమర్చినా, మూతలేని డబ్బా పెట్టినా పిట్ట నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది. ఎక్కి కూర్చుంటే రెండు కొర్రలు బహుమానం!

రోజూ ఒకే వేళకు, పొద్దున రెట్ట వేశాక, గింజ ముట్టకముందు బరువు చూసి క్యాలెండర్‌ మీద రాయాలి. పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండరే చాలు. కంటితో చూసి చెప్పే ‘కాస్త చిక్కినట్టుంది’ లెక్కలు ఇక్కడ పనికిరావు. ఈకల గుబురు కింద పిట్ట ఎంత చిక్కిందో, ఎంత లావెక్కిందో ఎవరికీ తెలియదు. బరువుతో పాటు రొమ్ము మధ్య ఎముకను వేలితో తడిమి చూడటం డాక్టరు దగ్గర నేర్చుకోవాలి. ఆ ఎముక చేతికి తగులుతూ, రెండువైపులా కండ నిండుగా ఉంటే సరైన ఒళ్లు. ఎముక కొవ్వులో మునిగిపోతే లావు. కత్తి అంచులా పొడుచుకొస్తే ప్రమాదం.

ఉదాహరణకు చిట్టి అనే పిట్ట 46 గ్రాములుందని, 38కి రావాలని డాక్టరు చెప్పారని అనుకుందాం. తగ్గాల్సింది 8 గ్రాములు. మనకు అది లెక్కలోకి రాదు. చిట్టికి మాత్రం ఒంట్లో ఆరోవంతు. వారానికి అర గ్రాము చొప్పున తగ్గినా నాలుగు నెలలు పడుతుంది. పట్టనివ్వాలి. తొందరపడిన ఇళ్లలోనే పిట్టలు పోతాయి.

గిన్నె నిండుగా... పిట్ట ఆకలిగా

పిట్టల డైటింగ్‌లో ఘోరమైన పొరపాటు పస్తు. ‘రెండ్రోజులు గింజలు తీసేస్తే ఆకలికి అదే కూరలు తింటుంది’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. పిల్లల మీద పనిచేసే మంత్రం ఇది. బడ్జీ మీద ప్రయోగించకూడదు. దాని గుండె నిమిషానికి వందలసార్లు కొట్టుకుంటుంది. ఒంట్లో ఇంధనం గంటల్లో ఖర్చవుతుంది. లావుపాటి పిట్టకు కాలేయంలో అప్పటికే కొవ్వు పేరుకుని ఉంటే, హఠాత్తుగా తిండి ఆగితే ఆ కాలేయం చేతులెత్తేస్తుంది. కొత్త తిండి తెలియక, పాతది దొరకక ఆకలితోనే చనిపోయే పిట్టలుంటాయి.

తెలియకుండా పస్తు పెట్టే సందర్భం ఇంకొకటుంది. బడ్జీ గింజను పొట్టుతో మింగదు. ముక్కుతో ఒలిచి పప్పు తిని పొట్టు గిన్నెలోనే వదిలేస్తుంది. గిన్నె పైకి నిండుగా కనిపిస్తుంది. ఊదితే తెలుస్తుంది, అది ఒట్టి పొట్టు అని! ‘గింజలు అలాగే ఉన్నాయి, తినట్లేదు’ అనుకుని కొత్తవి పోయని ఇళ్లున్నాయి. రోజూ పొట్టు ఊదేసి కొత్తగా కొలిచి పోయాలి.

రెట్ట కూడా చూస్తుండాలి. తిన్న పిట్ట రెట్ట గుండ్రంగా, ఆకుపచ్చకు తెలుపు కలిసి ఉంటుంది. తినకపోతే సంఖ్య తగ్గి, చిన్నగా, ముదురుపచ్చగా మారుతుంది. మొదలుపెట్టినప్పటి బరువులో పదోవంతు చకచకా పడిపోయినా, పిట్ట ఈకలు ఉబ్బించుకుని ముడుచుకు కూర్చున్నా, వెంటనే పాత గింజలు పెట్టేసి డాక్టరును కలవాలి. డైట్‌ సంగతి తర్వాత.

కొత్తిమీర కట్టతో మొదలు

మొదటి వారం చేయాల్సింది నూనెగింజల్ని తీసేయడం. పొద్దుతిరుగుడు, వలిసెలు, నువ్వులు లేని ఒట్టి చిరుధాన్యం గింజలు. కొర్రలు, వరిగలు, సామలు ఏవైనా సరే. రోజుకు ఒకటిన్నర నుంచి 2 టీస్పూన్లు ఒక బడ్జీకి మామూలు కొలత. ఉదయం సగం, సాయంత్రం సగం. మధ్యలో గిన్నె తీసేసి ఆకుకూరలు పెట్టొచ్చు. కొర్ర కంకులంటే బడ్జీకి ప్రాణం. వాటిని రోజువారీ తిండిగా పంజరానికి వేలాడదీయకుండా బహుమతిగా దాచుకోవాలి. చేతి మీదకు వచ్చినప్పుడు, ఎగిరి ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరినప్పుడు రెండు మూడు గింజలు.

ఆకుకూరలకు కొత్తిమీరతో మొదలుపెట్టడం తేలిక. కట్టను రెండుమూడుసార్లు కడిగి, నీళ్లోడుతూనే పంజరం పైభాగాన వేలాడదీస్తే చాలా పిట్టలు ముందు అందులో స్నానం చేస్తాయి. సొంతూళ్లో మంచు తడిసిన గడ్డిలో దొర్లే అలవాటు మరి! ఆ ఆటలోనే ఒకటి రెండు ఆకులు కొరుకుతాయి. మెంతికూర, మునగాకు, తురిమిన క్యారెట్‌, క్యాప్సికం, లేత మొక్కజొన్న గింజలు రెండు మూడు... ఒక్కొక్కటీ రుచి చూపించవచ్చు. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆగ్జలేట్లు కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. పండ్లలో చక్కెర ఎక్కువ కాబట్టి గోరంత ముక్క, అదీ వారానికి ఒకటి రెండుసార్లు. యాపిల్‌ గింజలు తీసేయాలి. అవకాడో, చాక్లెట్‌, ఉల్లి, వెల్లుల్లి, టీ, కాఫీ అసలే పనికిరావు. అవకాడో అయితే పక్షులకు విషమే.

కొత్త తిండిని చూసి బడ్జీ పారిపోతుంది. అది పొగరు కాదు, భయం. తెలియని ఆకు తింటే అడవిలో ప్రాణం మీదికొస్తుంది. పది రోజులు చూసి ‘మావాడు కూరలు తినడు’ అని తేల్చేయకూడదు. కొన్నింటికి నెల, కొన్నింటికి మూడు నెలలు. గుంపులో ఒకరు తింటే మిగతావి తినే జాతి ఇది. కాబట్టి పిట్ట ఎదురుగా కూర్చుని క్యారెట్‌ నమిలితే ఫలితం ఉంటుంది. (ఇంట్లో పిల్లలు కూడా క్యారెట్‌ తినడం దీనివల్ల కలిగే అదనపు లాభం.) సన్నగా తరిగిన ఆకు మీద తడిగింజలు చల్లితే గింజ కోసం పొడుస్తూ ఆకు రుచి చూస్తుంది. ఎండాకాలంలో తడి తిండి రెండు గంటలకు మించి ఉంచొద్దు, పులిసిపోతుంది. మొలకలు కట్టి పెట్టేవాళ్లు కూడా బాగా కడగాలి. బూజు వాసన తగిలితే పారేయాల్సిందే.

పెద్ద ఊళ్లలో పెల్లెట్స్‌ పేరుతో పక్షుల బలవర్ధక ఉండలు దొరుకుతున్నాయి. విటమిన్లు, అయోడిన్‌ సరిపాళ్లలో ఉండటం వీటి లాభం. ఖరీదు ఎక్కువ, పిట్ట ఒప్పుకోవడమూ కష్టమే. పొడిచేసి తడిగింజలకు పట్టించి వారాలపాటు మెల్లగా పాళ్లు పెంచాలి. ఎంత వాటా అన్నది డాక్టరు చెబుతారు. ఇక కాల్షియం కోసం సముద్రపు నురుగు పేరుతో అమ్మే కటిల్‌బోన్‌ ఎప్పుడూ పంజరంలో ఉంచొచ్చు.

ఇన్ని చేశాక కూడా బరువు కదలకపోతే? ఇంట్లో ఎవరో దొంగచాటుగా పెడుతున్నారని అర్థం! తిండి బాధ్యత ఒక్కరికే అప్పగించడం, పొద్దున్నే ఆ రోజు గింజలు చిన్న డబ్బాలో కొలిచి ఉంచడం ఒక ఉపాయం. పిట్టకు ఏదైనా పెట్టాలని సరదాపడేవాళ్లు ఆ డబ్బాలోంచే తీసి పెట్టాలి.

ఎగరాలి... ఫ్యాన్‌ ఆపాక

తిండి ఒక రెక్కయితే వ్యాయామం రెండోది. పంజరం ఎత్తుగా ఉంటే లాభం లేదు, పొడవుగా ఉండాలి. బడ్జీ హెలికాప్టర్‌లా పైకి లేవదు, అడ్డంగా ఎగురుతుంది. ఉన్న పంజరంలోనే మధ్యలోని కర్రలు రెండు తీసేసి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి ఉంచితే రెక్క ఆడించక తప్పదు. గింజలు ఒక చివర, నీళ్లు ఇంకో చివర. అద్దం ముందు గంటలకొద్దీ కూర్చునే పిట్ట అయితే అద్దం తీసేయడమే మంచిది. గింజల్ని కాగితం పొట్లాల్లో చుట్టి, ఆకుల కింద దాచి పెడితే వెతుక్కుంటుంది. అడవిలో రోజంతా చేసే పని అదే కదా!

అన్నిటికన్నా మేలు గదిలో వదలడం. వదిలే ముందు ఆపాల్సింది సీలింగ్‌ ఫ్యాన్‌. వేసవిలో ఇది గుర్తుపెట్టుకోవడం ఎంత కష్టమో ప్రతి ఇంటికీ తెలుసు. స్విచ్‌ మీద టేపు అంటించేవాళ్లు తెలివైనవాళ్లు. కిటికీలు మూసి కర్టెన్లు వేయాలి, లేకపోతే అద్దమని తెలియక గుద్దుకుంటుంది. బకెట్ల మీద మూతలు, పొయ్యి బంద్‌, తలుపు గడియ. వంటింట్లో నాన్‌స్టిక్‌ పెనం బాగా మాడితే వచ్చే పొగ మనకు వాసన తెలియకపోయినా పిట్టను నిమిషాల్లో చంపేస్తుంది. అగరొత్తులు, దోమల చుట్టల పొగ కూడా పిట్ట ఉన్న గదిలో వద్దు.

చిట్టిలాంటి లావుపాటి పిట్టను మొదటిరోజే గదంతా తిప్పకూడదు. కొన్నాళ్లు నిచ్చెన ఎక్కించడం, చేతి నుంచి కర్రకు రెండడుగుల దూరం గెంతించడం. రోజుకు ఐదారు నిమిషాలు, రెండుమూడు విడతలు. నోరు తెరిచి ఎగశ్వాస పెడుతున్నా, ఊపిరికి తోక కిందికీ పైకీ ఊగుతున్నా అప్పటికి చాలు. వారాలు గడిచేకొద్దీ దూరం పెంచుకుంటూ పోతే అరగంట, గంట స్వేచ్ఛగా ఎగిరే స్థితికి వస్తుంది. తరిమి ఎగరగొట్టడం మాత్రం పనికిరాదు. భయంతో ఎగిరే పిట్ట గోడకు కొట్టుకుంటుంది, మనిషిని నమ్మడం మానేస్తుంది. దుకాణంలోనే రెక్కలు కత్తిరించి ఇచ్చిన పిట్ట అయితే కొత్త ఈకలు వచ్చేదాకా ఎక్కుడు దిగుడు ఆటలే దిక్కు.

గడ్డ ఇప్పటికే పెద్దదై నడకకు అడ్డొస్తుంటే కర్రల్ని కిందికి దించి, పంజరం అడుగున మెత్తటి గుడ్డ పరచాలి. అలాంటి పిట్టకు ఎగరడం తర్వాత, పడకుండా ఉండటం ముందు.

గడ్డ కరుగుతుందా?

అన్నీ కరుగుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొన్ని చిన్నవవుతాయి. కొన్ని ఉన్నంతలోనే ఆగిపోతాయి. ఆగినా అది విజయమే, ఎందుకంటే పిట్ట ఎగరగలుగుతుంది, పుండు పడదు. 2004లో అమెరికాలో పశువైద్యులు గడ్డలున్న బడ్జీల మీద ఒక పరిశీలన చేశారు. ఆహారం మార్పు, ఎల్‌-కార్నిటిన్‌ అనే పదార్థం గడ్డ పరిమాణం మీద, బరువు మీద ఎలా పనిచేస్తాయో చూశారు. దాన్ని వాళ్లే ప్రాథమికమని పేర్కొన్నారు. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు వాడే ఎల్‌-కార్నిటిన్‌ డబ్బా ఇంట్లో ఉంది కదా అని చిటికెడు నీళ్లలో కలపొద్దు. మోతాదు డాక్టరే చెప్పాలి. థైరాయిడ్‌ మందు సంగతీ అంతే.

నెలకోసారి గడ్డ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకుంటే పెరుగుతోందో తగ్గుతోందో వాదన లేకుండా తేలుతుంది. గడ్డ వేగంగా పెరుగుతున్నా, రంగు మారి నల్లబడుతున్నా, పుండు పడినా, పిట్ట దాన్ని పొడుచుకుంటున్నా ఇక ఆహార నియమాలతో కాలం గడపకూడదు. ఆపరేషన్‌ అవసరం కావచ్చు. పిట్టకు గ్యాస్‌ మత్తు ఇచ్చి గడ్డ తీస్తారు. లావుపాటి పిట్టకు మత్తు ప్రమాదం ఎక్కువ కాబట్టి వ్యవధి ఉంటే ముందు కొంత బరువు తగ్గించే తీసుకురమ్మంటారు. అప్పటిదాకా పడిన డైటింగ్‌ శ్రమ అక్కడ అక్కరకొస్తుంది.

ఆపరేషన్‌ అయి ఇంటికి తెచ్చిన పిట్టకు మొదటి రోజుల్లో వెచ్చదనం, నిశ్శబ్దం కావాలి. ఎగరడం డాక్టరు సరేననేదాకా బంద్‌. కుట్లు పొడుచుకుంటోందేమో కనిపెట్టాలి. బలహీనంగా ఉంది కదా అని మిక్స్‌ పొట్లం మళ్లీ తెరిస్తే పాత చోటే, లేకపోతే పక్కనే, ఇంకో గడ్డ లేవడానికి ఎక్కువ కాలం పట్టదు. అందుకే ఆ రోజు నుంచే కొలిచిన గింజల డబ్బా, కాటా, క్యాలెండర్‌ మళ్లీ పంజరం పక్కన ఉండాలి.